గడువు తీరిన కార్డు

కెనడాలోని విండ్సర్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో నేను ఇళ్ళకు వైన్ సీసాలు చేర్చేదాన్ని. ఇంట్లో మాత్రం గ్రోసరీ డెలివరీ అని చెప్పాను. వైన్ కూడా ద్రాక్షపళ్ళతో చేసిందే కాబట్టి అబద్ధం మరీ పెద్దది కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అప్పట్లో ఏ కాఫీ షాపు ముందు చూసినా రెజ్యూమేలు పట్టుకుని మనవాళ్ళే. గుంటూరు నుంచి ఒకరు, వరంగల్ నుంచి ఇద్దరు, పంజాబ్ నుంచి పదిమంది. అడిగి అడిగి నాకు విసుగొచ్చింది, చూసి చూసి మేనేజర్లకు విసుగొచ్చింది. మా బేస్మెంట్‌లో నాతో ఉండే కరీంనగర్ అమ్మాయి అప్పటికే ఒక చిన్న డెలివరీ కంపెనీలో చేరింది. ఊరి బయట ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ద్రాక్షతోటల నుంచి వైన్ తెచ్చి ఊళ్ళో ఇళ్ళకు అందించే కంపెనీ అది. తన పాత కారును ఇద్దరం పంచుకునేవాళ్ళం. వారంలో సగం రోజులు తనవి, సగం నావి. శుక్రవారం నాది.

ఆ పనికి ముందు ఒక ఆన్‌లైన్ కోర్సు చదివి పరీక్ష పాసవ్వాలి. మా ఇంట్లో మందు అనే మాటను కూడా గొంతు తగ్గించి పలికేవాళ్ళు. అలాంటి నేను కూర్చుని తాగినవాడి కళ్ళు ఎలా ఉంటాయి, నడక ఎలా ఉంటుంది అని నోట్స్ రాసుకున్నాను. చట్టం చెప్పేది సూటిగానే ఉంటుంది. పందొమ్మిది నిండని వాళ్ళకు ఇవ్వకూడదు. అప్పటికే తాగి ఉన్నవాళ్ళకు ఇవ్వకూడదు. గుమ్మం ముందు పెట్టి వెళ్ళకూడదు, మనిషి చేతికే ఇవ్వాలి. తీసుకునే మనిషి లేకపోతే సీసా వెనక్కి రావాలి. మా కంపెనీ ఇంకో మెట్టు ఎక్కి, తల నెరిసినవాళ్ళైనా సరే ప్రతి ఒక్కరి ఐడీ స్కాన్ చేయాల్సిందే అంది. కార్డు వెనక బార్‌కోడ్ మీద ఫోన్ పెడితే పచ్చ టిక్కు వస్తుంది. కార్డు గడువు తీరిపోతే తెర మొత్తం ఎర్రగా మారుతుంది.

మనవాళ్ళ ఇళ్ళకు వెళ్తే ఈ చట్టం ఎవరికీ మింగుడు పడేది కాదు. "ఏమ్మా, తెలుగమ్మాయివేనా? గ్యారేజ్ పక్కన పెట్టేసి వెళ్ళిపో, ఆంటీ చూస్తే బాగోదు" అని ఒక అంకుల్ ఫోన్‌లో గుసగుసలాడేవారు. ఇంకో అంకుల్ ఎడ్మంటన్‌లో ఉన్న బావమరిదికి పెట్టె పంపించమని పట్టుబట్టారు. మేం ప్రావిన్స్ దాటి పంపం, ఒక్కో ప్రావిన్స్‌ది ఒక్కో చట్టం అని చెబితే, "దేశం ఒకటే కదమ్మా, మధ్యలో ఈ గోడలేంటి?" అని నా మీద కేకలేశారు, ఆ గోడలు నేనే కట్టినట్టు. వీళ్ళందరికీ నేను "కుదరదు అంకుల్" అని మొహం మీదే చెప్పాను. అలా చెప్పగలిగినదాన్నే కాబట్టి, ఆ ఇటాలియన్ ఆవిడ దగ్గర నా నోరు ఎందుకు పడిపోయిందో చాలా రోజులు ఆలోచించాను.

ఆవిడకు ఎనభై దాటాయి. భర్త బతికున్నంత కాలం ఇద్దరూ కలిసి ఇంటి బేస్మెంట్‌లోనే వైన్ చేసుకునేవాళ్ళట. ఆయన పోయాక ఆ పీపాలు ఖాళీగా ఉన్నాయి. కూతురు ఒషావాలో ఉంటుంది. తల్లికి షాపుకని బయటికి వెళ్ళే పని లేకుండా, వారానికి ఒక సీసా ఇంటికే వచ్చేలా ఆ అమ్మాయే ఆర్డర్ పెట్టింది. అమ్మాయంటే యాభై దాటిన మనిషే.

శుక్రవారం నాలుగింటికి వెళ్ళేసరికి ఆవిడ జుట్టు దువ్వుకుని, డ్రైవింగ్ లైసెన్స్ కార్డు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర సిద్ధంగా ఉండేది. ఆవిడ ఇంగ్లీషూ అరువుదే, నాదీ అరువుదే. అందుకేనేమో మా ఇద్దరికీ మాటలు బాగా కుదిరేవి. పరీక్షలెలా రాశానో అడిగేది. నా జాకెట్టు పల్చగా ఉందని తిట్టేది. నన్ను అలా తిట్టేవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకెవరూ లేరు. ఆ తిట్టు కోసమే నేను శుక్రవారం డ్యూటీ ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు.

ఒక శుక్రవారం తెర ఎర్రబడింది. గడువు తీరింది అని రాసి ఉంది. కార్డు తిప్పి చూస్తే నిజమే, అంతకుముందు వారం ఆవిడ పుట్టినరోజుతోనే గడువు దాటింది. ఎనభై దాటినవాళ్ళు లైసెన్స్ రెన్యూ చేయించుకోవాలంటే ప్రతి రెండేళ్ళకూ వెళ్ళి కళ్ళ పరీక్ష చేయించుకోవాలి. అది ఈవిడ చేయించుకోలేదు.

ఆవిడ అటు తిరిగి, నాకివ్వడానికి బిస్కెట్లు కాగితంలో చుడుతోంది. సీసా వెనక్కి తీసుకెళ్ళాలి. ఎందుకో చెప్పాలి. "మీ కార్డు చెల్లదు" అని అంత పెద్ద మనిషితో, బిస్కెట్లు కడుతుండగా ఎలా చెప్పను? మా ఇంట్లో పెద్దవాళ్ళ వయసు అడగడమే తప్పు. నా లైసెన్స్ ఎప్పుడూ ఫోన్ వెనక కవర్లోనే ఉంటుంది. దాన్ని బయటకు లాగి స్కాన్ చేశాను. పచ్చ టిక్కు వచ్చింది. ఆవిడ ఇటు తిరిగేసరికి నా కార్డు లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి వారం ఆవిడ తనంతట తనే అడిగింది.

"నా కార్డు గడువు తీరిపోయిందని మా అమ్మాయి ఫోన్‌లో గోల పెడుతోంది. నేను కాగితాలు పంపించాననే గుర్తు. నీ మెషిన్ ఏమంటోంది?"

ఆవిడ నన్ను సూటిగా అడిగిందని ఇక్కడ రాయకపోతే నేను మళ్ళీ అబద్ధమాడినట్టే. నేను రెండు కార్డులూ కలిపి పట్టుకుని, నాది స్కాన్ చేసి, పచ్చ టిక్కు ఆవిడకు చూపించాను.

"అంతా బాగుందండీ" అన్నాను.

"చూశావా! ఆ పిల్లకు అన్నిటికీ కంగారే" అని ఆవిడ నవ్వింది.

ఆ తర్వాత మూడు నెలలపాటు ప్రతి శుక్రవారం ఇదే తంతు. నాకు అలవాటైపోయింది. పైగా నేనేదో పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను. ఆ ఇంటి గ్యారేజ్ తలుపు ఎప్పుడూ వేసే ఉండేది. దాని వెనక నడిచే కారు ఉందని నాకు తోచలేదు. కారు లేనిదే పాలపాకెట్ కూడా దొరకని ఊళ్ళో ఉంటూ అంతమాత్రం తోచకపోవడం నా తెలివితక్కువతనం.

ఆ రోజు శుక్రవారం తలుపు తీసింది కూతురు. కళ్ళ కింద నలుపు. వెనకాల ఆవిడ నిలబడి ఉంది. చేతిలో కార్డు ఉంది కానీ, జుట్టు దువ్వుకోలేదు.

సంగతి కూతురే చెప్పింది. సోమవారం ఆవిడ చర్చికని కారు తీసిందట. మరీ నెమ్మదిగా నడుపుతుంటే పోలీసు ఆపాడట. లైసెన్స్ గడువు తీరి మూడు నెలలైంది. కారు లాక్కెళ్ళారు. ఆవిడేమో పోలీసుతో వాదన. తన కార్డు చెల్లుతుందని, ప్రతి శుక్రవారం మెషిన్ సరే అంటుందని, కావాలంటే వైన్ తెచ్చే అమ్మాయిని అడగమని. పోలీసు ఆవిడ కూతురికి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి ఒషావా నుంచి నాలుగున్నర గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చింది.

"నాలుగు రోజులుగా ఇదే పాట. లేని విషయాలు జరిగాయని చెబుతోంది. డాక్టర్‌తో మాట్లాడాను. ఒంటరిగా ఉంచొద్దన్నాడు. ఒక సీనియర్ హోమ్ చూశాను" అని కూతురు నాతో తగ్గు గొంతుతో అంది. అంత తగ్గించక్కర్లేదు, ఆవిడకు చెవులు బాగానే వినిపిస్తాయి.

ఆవిడ ముందుకొచ్చి కార్డు నా చేతిలో పెట్టింది.

"స్కాన్ చెయ్యి. మా అమ్మాయికి చూపించు."

ఇద్దరూ నా చేతులవైపే చూస్తున్నారు. ఈసారి రెండు కార్డులు పట్టుకునే వీల్లేదు. ఆవిడ కార్డే పెట్టాను. తెర ఎర్రబడింది.

ఆవిడ ఫోన్ దగ్గరకు వంగి చాలాసేపు చూసింది. "పోయిన వారం పచ్చగా వచ్చింది" అంది. నావైపు చూసింది. "ఒక్కోసారి మెషిన్..." అని మొదలుపెట్టి ఆపేశాను. కూతురు తల్లి భుజం మీద చెయ్యి వేసింది, జ్వరం వచ్చిన పిల్లను పట్టుకున్నట్టు. తన లైసెన్స్ తీసి నాకిచ్చింది. పచ్చ టిక్కు వచ్చింది. చట్టప్రకారం ఇక ఏ అడ్డూ లేదు. సీసా కూతురి చేతికిచ్చాను.

"అయితే నువ్వు చెప్పిందే నిజం" అని ఆవిడ కూతురితో అంది. గొంతులో కోపం లేదు. "హోమ్ వాళ్ళు ఏ రోజు రమ్మన్నారన్నావు?"

నేను మెట్లు దిగి కార్లో కూర్చున్నాను. తర్వాతి ఆర్డర్ అడ్రస్ ఫోన్‌లో వచ్చేసింది. వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. కంపెనీ ఆ స్కాన్లు ఎప్పుడూ తిరగేసి చూడలేదు. చెబితే ఉద్యోగం పోతుంది, ఇంకొకటి దొరకడానికి మళ్ళీ కాఫీ షాపుల చుట్టూ తిరగాలి. ఇవన్నీ లెక్కపెట్టుకున్నాను. అంత తొందరగా మంచితనం వచ్చే మనిషిని కాను నేను. కానీ ఏ రోజు రమ్మన్నారని ఆవిడ అడిగిన తీరు చెవిలోంచి పోవడం లేదు. తన బుర్ర చెడిపోయిందని ఆవిడ ఒప్పేసుకుంది. ఒప్పించింది నేను.

వెనక్కి వెళ్ళి తలుపు కొట్టాను. కూతురు తీసింది. ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. నేను ఫోన్ వెనక నుంచి నా కార్డు తీసి బల్ల మీద పెట్టాను.

"పచ్చ టిక్కు వచ్చింది దీనికి. ప్రతివారం ఇదే పెట్టాను. మీ కార్డు మూడు నెలల కిందటే ఎర్రగా వచ్చింది. మీరు అడిగినప్పుడు బాగుందని చెప్పాను. మీకు అన్నీ సరిగ్గానే గుర్తున్నాయి."

కూతురు ముందు నన్ను తిట్టింది. తిట్టాల్సిందే. తన తల్లి కారుతో ఎవరినైనా గుద్దేసి ఉంటే ఏమయ్యేదని అడిగింది. ఇప్పటికీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తర్వాత ఆ అమ్మాయి తల్లి పక్కన కూలబడి, "అమ్మా, నన్ను క్షమించు" అని ఏడ్చింది. అక్కడే కూర్చుని హోమ్ వాళ్ళకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పింది.

ఆవిడ మాత్రం ఏడవలేదు. నా కార్డు చేతిలోకి తీసుకుని నా ఫోటో చూసింది, పేరు చూసింది. తారీఖు చూసింది.

"ఎందుకిలా చేశావు?"

"మీకు చెప్పడానికి నోరు రాలేదండీ. మీరు పెద్దవారు. బాధపడతారని..."

"నా భర్తకు ఇక రోజులే ఉన్నాయని డాక్టర్ నా మొహం మీదే చెప్పాడు. తట్టుకున్నాను. నేను పుట్టిన ఊరు మళ్ళీ చూడలేనని తెలిసింది. అదీ తట్టుకున్నాను. ఒక కార్డు గడువు తీరిందంటే తట్టుకోలేననుకున్నావా?" నా కార్డు నావైపు జరిపింది. "నాలుగు రోజులు నా బుర్రను నేనే నమ్మలేదు. పొద్దున లేచి ఇది ఏ వారమో కాగితం మీద రాసుకున్నాను."

నేను క్షమించమన్నాను. ఆవిడ తలుపువైపు చూసింది. లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రమే కంపెనీ ఓనర్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆయన అరవలేదు. "నువ్వు చేసిన పనికి పోయేది నీ ఒక్కదాని ఉద్యోగం కాదు, మా మద్యం లైసెన్స్" అని మాత్రం అని, నా లాగిన్ ఆపేశాడు. రూమ్మేట్ అయితే రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "చెల్లదు అని ఒక్క ముక్క చెప్తే అయిపోతుండె గదా. గౌరవం గౌరవం అని ముసలామెను పిచ్చిదాన్ని చేసినవ్ గదే" అంది. కోపంగా అన్నా, అందులో నేను కాదనగలిగిన మాట ఒక్కటీ లేదు.

శుక్రవారాలు తనకే వెళ్ళాయి. ఆవిడ ఆర్డర్ ఆపలేదు. డ్రైవింగ్‌తో పనిలేని ఫోటో కార్డు తీసుకుందట. కారు అమ్మేసిందట. ఇంట్లోనే ఉంటోంది, ఆరోగ్యంగానే ఉంది. ఇవన్నీ రూమ్మేట్ చెబితే తెలిసినవే. నేను మళ్ళీ ఆ వీధికి వెళ్ళలేదు. ధైర్యం చాల్లేదు.

కొత్త కార్డుకు చాలా ఏళ్ళ గడువుంది, ప్రతివారం పచ్చ టిక్కే వస్తుంది. అయినా ఆవిడ ఫోన్ వైపు చూడదట. కార్డు మీద తారీఖు పైకి చదివించుకుంటుందట. మా రూమ్మేట్ చదివి వినిపించాక, మొహంలోకి చూసి, "నిజంగానే అలా ఉందా?" అని ఇంకోసారి అడుగుతుందట.