బస్సన్న పాటలో నా కీచు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో మా బేస్‌మెంట్‌కి అద్దెకొచ్చిన వరంగల్ అమ్మాయి వంట చేస్తూ పాడేది. అద్దెకున్నవాళ్లు గొంతెత్తితే ఇంటావిడకు తిక్క రావాలి. నాకైతే చాలా తొందరగా వస్తుంది కూడా. కానీ ఆ పిల్ల పాడుతుంటే పైన నా కూర మాడిపోతున్నా మెట్ల దగ్గర్నుంచి కదలబుద్ధయ్యేది కాదు.

అవి మన పిల్లలు చదువుల కోసం విమానాల నిండా వచ్చి దిగుతున్న రోజులు. ఈ అమ్మాయికి వారమంతా కాలేజీ, శని ఆదివారాలు బ్రాంప్టన్‌లో వేర్‌హౌస్ పని. బస్సు దిగి బస్సు ఎక్కి వెళ్లేది. అక్కడ రేడియోలో పొద్దస్తమానం ఇక్కడి పల్లెబాణీ కంట్రీ పాటలేనట. విని విని ఒకరోజు పైకొచ్చి, "వీళ్ల పాటలల్ల అందరికీ ట్రక్కు ఉంటది ఆంటీ. ఎవరికి బాధొచ్చినా ట్రక్కెక్కి పోతరు. నాకు బస్సు పాసే ఉంది. నేనేం పాడాలె?" అంది.

అలా పుట్టింది ఆ పాట. "ఆగు ఆగు బస్సన్నా, అడుగు దూరంలో నేనున్నా" అని పల్లవి. మంచులో పరుగెత్తే అమ్మాయి డ్రైవర్‌ను బతిమాలుతుంది, తిడుతుంది, ఎక్కాక తన కష్టసుఖాలన్నీ చెప్పుకుంటుంది. మాటలు మనవి, నడక ఇక్కడిది. ఆమె క్లాస్‌మేట్ ఒకడు, ఊరి బయట ఫామ్‌లో పెరిగిన కెనడా కుర్రాడు, గిటార్ పట్టుకొచ్చి దానికి రాక్ దరువు ఎక్కించాడు. ఫిడేలు ఉంటేనే ఇలాంటి పాట నిండుగా ఉంటుందన్నాడు. ఆ పిల్ల చూపు మా అల్మరా మీదున్న నా వయొలిన్ పెట్టె మీదికి పోయింది.

పెళ్లికి ముందు నేను కచేరీలు చేశాను. ఈ దేశం వచ్చి, మందుల కంపెనీలో పని చేసి రిటైరయ్యేదాకా, ఇంట్లో పూజలకు తప్ప దాన్ని తీసింది లేదు. "మీ గోలలో నన్ను కలపకండి" అని కసిరాను. కసురుతూనే పెట్టె దించాను.

నేల మీద దుప్పటి పరుచుకుని కూర్చుని, వయొలిన్ తలను కుడిపాదం మీద ఆనించి, స-ప-స-ప అని తీగలు సవరించుకుంటుంటే ఆ కుర్రాడు గిటార్ పక్కన పెట్టేశాడు. ఇక్కడి బళ్లలో నేర్పే శ్రుతి వేరు. "మా తాత పల్లెల్లో డాన్సులకి వాయించేటప్పుడు ఇలాగే శ్రుతి చేసుకునేవాడు. ఆయన పోయాక మళ్లీ ఇప్పుడే వింటున్నాను" అన్నాడు ఇంగ్లీషులో. వాళ్ల తాతకూ మా గురువుగారికీ ఎక్కడి చుట్టరికమో గానీ, నాకు ఒళ్లు జలదరించింది.

ఇల్లు వేడిచేసే ఫర్నేస్ చప్పుడు పడకూడదని దాన్ని ఆపేసి, శాలువాలు కప్పుకుని, బేస్‌మెంట్‌లోనే రికార్డు చేశాం. పాటకు ముందొచ్చే వయొలిన్ ముక్క చివర నా కాలు తిమ్మిరెక్కింది. కమాను జారి కీచుమంది.

"ఇంకోసారి వాయిస్తాను, అది తీసెయ్యవే."

"వద్దాంటీ. బస్సు బ్రేకేసినట్టే ఉంది. గట్లనే ఉండనీ."

రెండ్రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. కానీ ఆ పిల్లదే మంచి చెవి. ఇప్పుడైతే ఎవరి ముందైనా ఒప్పుకుంటాను.

ఫోన్ నుంచి ఫోన్‌కి పాట పాకిపోయింది. వేర్‌హౌస్ బ్రేకుల్లో, కార్లలో, పుట్టినరోజు పార్టీల్లో అదే. ఒక్క ముక్క తెలుగు రాని గిటార్ కుర్రాడి స్నేహితులు కూడా "బస్సన్నా" అని అరిచేవారట. అయితే దాన్ని పంపేవాళ్లు పాటనే పంపారు గానీ, ఎవరు కట్టారో ఎవరూ రాయలేదు. ఏదో సినిమాలోదని కొందరన్నారు. "ఒక్కసారి మైకుల ఇది నా పాట అంటే చాలు ఆంటీ" అని ఒకరోజు గిన్నెలు కడుగుతూ అంది. అంతకుమించి ఆ పిల్ల ఏదీ అడగలేదు.

ఆ ఏడు మిస్సిసాగాలో తెలుగువాళ్ల సంఘం వార్షికోత్సవానికి ఇద్దరం వెళ్లాం. పిల్లల డాన్స్ ముందు యాంకర్ అమ్మాయి, "మన పల్లెల్లో తరతరాలుగా పాడుకుంటున్న జానపదం" అంటూ మొదలుపెట్టింది. వచ్చింది బస్సన్న పాట. తరతరాలుగా బస్సులో తిరిగారా మనవాళ్లు? పక్కకు చూస్తే ఆ పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

వేదిక మీద పట్టులంగా కట్టుకున్న చిన్నపిల్ల ఒకతె నిలబడి నా వయొలిన్ ముక్క వాయించింది. చివర కమాను జార్చి కీచుమనిపించింది, అచ్చంగా. అంటే నా తప్పును కూడా పొల్లుపోకుండా నేర్చుకున్నారు. పాట కట్టిన పిల్ల పేరు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

డాన్స్ అయ్యీ అవ్వగానే మెట్లెక్కి మైకు లాక్కున్నాను. ఆ అమ్మాయి పేరు ఇంటిపేరుతో సహా చెప్పాను. "ఇది తరతరాల పాట కాదు. మా బేస్‌మెంట్‌లో పుట్టింది. పుట్టించిన పిల్ల అదిగో, అక్కడ కూర్చుంది" అన్నాను. వెనక వరసల్లో స్టూడెంట్లు లేచి ఈలలేస్తుంటే ఆ పిల్ల పైకొచ్చింది. మైకు చేతికిచ్చాను.

ఇది నా పాట అంటుందని చూస్తున్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, ముందు నా పేరు చెప్పింది.

"వయొలిన్ మా ఆంటీది. ఆ కీచు గూడ ఆమెదే. అది లేకుంటే నా బస్సు ఆగకపోతుండె."

హాలంతా చప్పట్లు. ఈ దేశంలో మైకులో నా పేరు వినడం అదే మొదలు. ఏడుపు ఆపుకోలేక, "ముందు పాట ఎత్తుకోవే" అని కసిరాను.