ఆళ్లగడ్డ నుంచి గుంటూరుకు ఒకే టికెట్టు

దేవదానం మా ఆళ్లగడ్డ బస్సుకు కండక్టరు. వయసు యాభై దాటింది, సొంతూరు దొర్నిపాడు. ఇరవై రెండేళ్లు ఆళ్లగడ్డ, నంద్యాల మధ్యే తిరిగాడు. నంద్యాలలో దిగినవాళ్లు సంచులతో, పిల్లలతో గుంటూరు బస్సు వైపు పరుగెత్తడం రోజూ చూసేవాడు. తాను మాత్రం గిద్దలూరు దాటి ఎన్నడూ పోలేదు. ఈ మధ్య ఆళ్లగడ్డ నుంచి నేరుగా గుంటూరుకు ఒక ఎక్స్‌ప్రెస్ వేశారు. నెల రోజులు నడిపి, జనం ఉంటేనే కొనసాగిస్తారు. దేవదానం ఆ డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాడు.

ఆ బస్సు మీదే నా ప్రాణమంతా. మా సాత్వికకు మూడు నెలలు. పుట్టుకతోనే పాదం లోపలికి తిరిగి ఉంది. గుంటూరు డాక్టరు ప్రతి మంగళవారం పిండికట్టు మార్చి కొంచెంకొంచెంగా సరిచేస్తున్నాడు. వారం తప్పితే పాదం మళ్లీ వెనక్కి తిరుగుతుందన్నాడు. తొడ దాకా కట్టు ఉన్న బిడ్డతో నంద్యాల తోపులాటలో బస్సు మారడమంటే సోమవారం నుంచే నాకు అన్నం దిగేది కాదు.

మూడో మంగళవారం దేవదానం ముఖం వాడిపోయి ఉంది.

"ఏమైందన్నా?"

"డిపోలో లెక్క చూసినారమ్మా. ఆళ్లగడ్డ నుంచి గుంటూరుకు ఇద్దరో ముగ్గురో పోతాండారంట. మిగతా గుంటూరోళ్లంతా నంద్యాలలోనే ఎక్కుతాండారంట. నెల అయిపోతానే బస్సును నంద్యాల నుంచే పంపుతామంటాండారు."

చుట్టూ చూశాను. ముందు సీట్లో మిర్చి యార్డుకు పోయే రైతులు నలుగురు. వెనక కోర్టు పనికి పోయే రాజశేఖర్ గారు. వీళ్లంతా గుంటూరు పోయేవాళ్లే కదా! నా చేతిలో టికెట్టు చూసుకున్నాను. నంద్యాల అని ఉంది.

కొత్త బస్సు, గుంటూరు దాకా పోతుందో లేదోనని అందరం నంద్యాలకే తీసుకుంటున్నాం. అక్కడ సీట్లోంచి లేవకుండానే ఇంకొకటి కొట్టించుకుంటున్నాం. ఎమ్మెస్సీలో గణాంకశాస్త్రం చదివిన నేను కూడా అదే పని చేశాను. ఆ మాట చెబితే దేవదానం తల పట్టుకున్నాడు.

"కొట్టేది నేనే, నాకే తట్టల్యా!"

ఆ రోజు నుంచి ఎవరైనా ఊరి పేరు చెప్పగానే ఆయన టికెట్టు కొట్టడం మానేశాడు.

మరుసటి మంగళవారం నా పక్కన జయలక్ష్మమ్మ కూర్చుంది. నరసరావుపేటలో కూతురి దగ్గరికి పోతోంది. ఆధార్ కార్డు చాపి "నంద్యాల" అంది.

"ఆఖరున యాడ దిగుతావవ్వా?"

"పేటలో."

"మరి నంద్యాలకేందీ?"

"ఆడోళ్లకు టికెట్టుకు దుడ్లు ల్యాకపాయె. యాడికి కొడితే ఏందప్పా?"

"నీకేంగాదు. నా బస్సు ల్యాకుండా పోతాది!"

"నీ బస్సా? ఎప్పుడు కొన్యావ్?"

బస్సంతా నవ్వింది. అవ్వ టికెట్టు మాత్రం నరసరావుపేటకే కొట్టించుకుంది.

నెల ముగిసింది. ఏం తేల్చారో దేవదానానికీ తెలియలేదు.

ఆ తర్వాతి మంగళవారం తెల్లవారి ఐదున్నరకు సాత్వికను ఎత్తుకుని బస్టాండులో నిలబడ్డాను. మా బస్సు రావలసిన వేళ దాటిపోయింది. ఫోన్ చేస్తే దేవదానం ఎత్తలేదు. నంద్యాల బస్సు ఇంజను మోగుతోంది. అది ఎక్కితే అక్కడ మారి ఎలాగో గుంటూరు చేరతాను. వదిలేశాక మా బస్సు రాకపోతే డాక్టరు వేళ దాటుతుంది. మెట్టు మీద ఒక కాలు పెట్టాను, తీశాను. అది వెళ్లిపోయింది. బిడ్డ ఏడుపు అందుకుంది.

పది నిమిషాలకు మలుపులో మా బస్సు కనిపించింది. బోర్డు మీద ఆళ్లగడ్డ – గుంటూరు.

"టైరు మార్చినామమ్మా, అందుకే ఆలస్యం," అంటూ దేవదానం దిగి సంచి అందుకున్నాడు. "ఇంకో నెల చూస్తారంట."

"గుంటూరు" అని టికెట్టు తీసుకుని కూర్చున్నాను. ఈ రోజుది కలుపుకుని ఇంకా ఆరు కట్లున్నాయి. నెలకు మంగళవారాలు నాలుగో, ఐదో. ఆ పైన ఒకటో రెండో కట్లు మిగులుతాయి.