మేం పరిగెత్తేం, ఆమె కూర్చుంది

నా చిన్నప్పుడు మా బడిలో నాకంటే జోరుగా పరిగెత్తే పిల్ల ఒక్కతే ఉండేది. మా క్లాసే, నా పక్కనే కూర్చునేది. ఆమె పేరు రాయను. రాసే హక్కు నాకుందని అనుకోను. మలికిపురం దగ్గర మా ఊళ్ళో వాళ్ళ నాన్న దింపు కార్మికుడు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే పని. మా నాన్నగారు అదే బడిలో లెక్కల మాస్టారు. పరుగులో ఎప్పుడూ ఆమె ఫస్టు, నేను సెకండు.

మేం ఎనిమిదో తరగతిలో ఉండగా, వానల్లో తడిసిన చెట్టు మీంచి జారి వాళ్ళ నాన్న పడిపోయేడు. నడుం విరిగింది. కాకినాడ తీసికెళ్తే ఆపరేషను చెయ్యాలన్నారు. అంత డబ్బు వాళ్ళింట్లో ఎవరూ కళ్ళచూసి ఉండరు.

అప్పుడు మా డ్రిల్లు మాస్టారు ఓ ఉపాయం చెప్పేరు. ప్రేయరు అయ్యాక మమ్మల్నెవర్నీ క్లాసుల్లోకి పోనివ్వకుండా నిలబెట్టి, "చందాలు అడుక్కోవద్దర్రా. మీ ఒంట్లో బలం ఉంది, అది పెట్టండి. ఇంటింటికీ వెళ్ళి, నేను గ్రౌండు చుట్టూ పరిగెడతానండి, చుట్టుకి మీకు తోచింది ఇవ్వండి అని చెప్పండి. కష్టపడి అడిగేవాడిది చెయ్యి చాపినట్టు కాదు," అన్నారు. ఆ మాటకి మా అందరికీ ఒక్కసారి వయసు పెరిగినట్టయింది. రైసుమిల్లుకీ, కొబ్బరి కొట్లకీ, కిళ్ళీ బడ్డీకీ కూడా వెళ్ళేం. "ఆయ్, అలాగేనమ్మా, నువ్వెన్ని చుట్లు పరిగెడతావేంటి?" అని నవ్వుతూనే ఒప్పుకునేవారు.

మేం ఎవరమూ పదీ పదిహేను చుట్లకి మించి చెప్పలేదు. ఆ పిల్ల ముప్పై చుట్లు పరిగెడతానని చెప్పి వచ్చింది. రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద ప్రాక్టీసు చేసేది. నేనూ వెంట వెళ్ళేదాన్ని. ఒకరోజు గట్టు మీద కూలబడి ఆయాసపడుతూ, "ముప్పైయ్యీ పూర్తి చేస్తే మా నాన్నకి నేనే ఆపరేషను చేయించినట్టు కదే?" అంది. ఔనన్నాను. లోపల మాత్రం ఈసారైనా ఆమెను దాటాలని ఉంది నాకు.

పరుగు రోజున బడి ముందు షామియానా వేసేరు. కొబ్బరి వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి ముఖ్య అతిథి. అందరికంటే ఎక్కువ ఇస్తానన్నది ఆయనే. ఆ పిల్ల నాన్నని మంచంతో సహా మోసుకొచ్చి స్టేజీ మీద పెట్టేరు. మేం లైన్లో నిలబడుతుంటే ఆ పెద్దమనిషి మా డ్రిల్లు మాస్టారిని దగ్గరికి పిలిచేరు. లైన్లో ముందున్నాను కాబట్టి నాకు వినిపించింది.

"ఆ పిల్ల కూడా పరిగెడుతుందేంటండి? తండ్రి అలా పడుంటే కూతురు గెంతుతుంటే చూసేవాళ్ళకి జాలేం కలుగుతుంది? తండ్రి పక్కన కూర్చోబెట్టండి."

కసురుకుంటూ అనలేదు. సాయం చేసే మనిషి సలహా ఇచ్చినట్టే అన్నారు. మాస్టారు "చాలా ప్రాక్టీసు చేసిందండీ..." అని నసిగేరు. హెడ్మాస్టరు గారు ఓ చూపు చూసేసరికి ఆగిపోయేరు. వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు కూచోమ్మా, వీళ్ళు పరిగెడతారు," అన్నారు.

"నా చుట్లకి ఇస్తామన్నవాళ్ళున్నారండీ," అంది.

ఆయన ఆమెను స్టేజీ వైపు నడిపించబోయేరు. అప్పుడామె నా వైపు తిరిగి, "నువ్వు చెప్పవే," అంది.

లెక్కల మాస్టారి కూతుర్ని. నేను చెబితే వినేవారేమో. నేను తల వంచుకుని నా కాళ్ళు చూసుకున్నాను. ఆమె కూర్చుంటే ఫస్టు నాదే. ఏమీ తెలియని వయసులే అని తరవాత చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను గానీ, ఆ సంగతి మాత్రం ఆ క్షణంలో నాకు బాగా తెలుసు.

మేం పరిగెత్తేం. డబ్బు ఇచ్చేవాళ్ళు ఒక్కొక్కరే స్టేజీ ఎక్కుతుంటే, ఒక్కొక్కరికీ ఆమెను లేపి దణ్ణం పెట్టించేరు. మొదటి రెండు మూడు చుట్లూ నన్ను చూసింది. ఆ తరవాత చూడటం మానేసింది. ఫస్టు నాకే వచ్చింది. మా నాన్నగారు కూడా చప్పట్లు కొట్టేరు.

డబ్బు బాగానే వచ్చింది. పైసా పక్కకి పోలేదు. ఆపరేషను జరిగింది, ఆయన నడవలేకపోయినా లేచి కూర్చోగలిగేడు, చాలా ఏళ్ళు బతికేడు. ఇది చెప్పకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను. ఆమె మాత్రం ఇంకో రెండు రోజులు బడికి వచ్చింది. మగపిల్లలెవరో "దణ్ణాల పిల్ల" అని పేరు పెట్టేరు. మూడో రోజు రాలేదు.

వారం పోయాక వాళ్ళింటికి వెళ్ళేను. వాళ్ళమ్మ వాకిట్లో కూర్చుని చీపురు కోసం కొబ్బరి ఈనెలు తీస్తోంది. నాకు పీట వేసి, మజ్జిగ ఇచ్చింది. నేను తాగేక గ్లాసు అందుకుని అంది. "మీరంతా కలిసి ఆయన్ని నిలబెట్టేరమ్మా. చచ్చేదాకా మర్చిపోను. కానీ దాన్ని కూడా పరిగెత్తనిస్తే బావుండేది పాపా. వాళ్ళ నాన్న కోసం ఊరంతా చేసేరు. అదొక్కతే ఏం చెయ్యనట్టయింది."

కోపంగా అనలేదు. కోప్పడితే ఏడ్చేసి తేలికపడేదాన్ని. తలుపు వెనక ఆ పిల్ల గాజులు వినిపించేయి. పిలిచేను. రాలేదు. డ్రిల్లు మాస్టారు కూడా రెండుసార్లు వెళ్ళి పిలిచేరట. ఆయనకీ రాలేదు. ఆయన మళ్ళీ మా బడిలో అలాంటి పరుగు పెట్టలేదు.

నేనూ టీచర్నయ్యేను. వరదలొచ్చినా, ఎవరికైనా జబ్బు చేసినా పిల్లల చేత పరుగులూ కబడ్డీలూ పెట్టించి డబ్బు పోగు చేయించేను. ప్రతిసారీ ముందు, ఎవరి కోసం చేస్తున్నామో ఆ ఇంటికి వెళ్ళి, మీ పిల్లలెవరైనా ఆడతారా అని అడిగేదాన్ని. తోటి మాస్టర్లు నా చాదస్తమనుకునేవారు.

కిందటేడు అమలాపురం బస్టాండులో ఆమె కనిపించింది. కువైట్లో ఇళ్ళల్లో పనిచేసి, ఇక చెయ్యలేక వచ్చేసిందట. గుర్తుపట్టింది. చెయ్యి పట్టుకుని, ఆ రోజు నేను నోరు విప్పలేదు, తప్పు నాదే అన్నాను. ఆమె నా చెయ్యి వదిలించుకోలేదు. "చిన్నపిల్లలం కదండీ, మీరేం చేస్తారు?" అంది. బస్సు వస్తే నా సంచీ అందుకుని ఎక్కించి, "జాగ్రత్తగా వెళ్ళండి," అంది.

మంచిపని చేస్తూనే మనిషిని చిన్నబుచ్చవచ్చని నేను వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నాను. అది నాకు బతుకంతా పనికొచ్చింది. ఆ పిల్లకి మాత్రం పనికిరాలేదు. క్షమించిందనే అనుకుంటాను. కానీ నన్ను "మీరు" అంది. ఆ మాటే నాతో ఉండిపోయింది. దాన్ని "నువ్వు" చేయించుకునే దారి నాకింకా దొరకలేదు.