గుల్షనాబాద్ అన్నందుకు

నిన్న టీవీలో కోటి రూపాయల ఆట వస్తోంది. "గుల్షనాబాద్ అని తెలంగాణలో ఏ ఊరికి పేరుండేది?" అని అడిగారు. ఆడుతున్న అమ్మాయి తప్పు చెప్పి ఇంటికి పోయింది. నా పక్కన కూర్చున్న మా పెద్దబాపు కొడుకు సోఫాలో వెనక్కి వాలి, "మన మెదకే గదనే అన్నా. గిది ఎవరికెరుక లేదు?" అన్నాడు.

నాకు నవ్వు కూడా రాలేదు. పెద్దబాపు పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్లను ఏమీ అనకూడదంటారు. ఉన్నప్పుడు ఆయన అననిచ్చాడా?

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, కిరసనాయిలు కందిలి వాసన, పెద్దల ముందు ఇత్తడి పాన్‌దాన్, అందులో సున్నం డబ్బీ. ఆ పాన్‌దాన్ పక్కన పట్నం నుంచి తెచ్చిన ఆకుపచ్చ ఇంకుపెన్ను పెట్టి, పెద్దబాపు మా ఇద్దరినీ పిలిచాడు.

"నవాబుల జమానల మన ఊరి పేరేందిరా? చెప్పినోనికి పెన్ను."

అప్పటికి నాకు పలకా బలపమే. ఆ పెన్ను కోసం ప్రాణం కొట్టుకుంది. నేను "గుల్షనాబాద్" అన్నాను. ఆయన కొడుకు నవాబులకు ముందటి పేరు, "మెతుకు" అన్నాడు. పెన్ను కొడుకు జేబుకెక్కింది.

"పుస్తకంల సదివిన పెద్దబాపూ," అన్నాను.

"పుస్తకమెక్కువనా, నేనెక్కువనా?"

అది కూడా ప్రశ్నే అనుకున్నాను. "పుస్తకమే," అన్నాను.

ఆయన తమలపాకుకు సున్నం రాస్తూ మా బాపుతో, "వీడు మనకు అక్కరకు రాడు తమ్మీ," అన్నాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగలేదు. పొలాలు పంచుకున్న రోజు కూడా.