ఐదో మనిషిగా పరిగెత్తిన రోజు

పరుగు పందేనికి పేరిచ్చింది నేనే. నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. గోల్‌మురి మిల్లులో మా విభాగానికి ఐదో మనిషి దొరక్క మావయ్య దిగాలుగా తిరుగుతుంటే, నేనున్నానుగా అని గొప్పగా అనేశాను. తీరా పందెం రెండు రోజులుందనగా సైకిల్ స్టాండులో కాలు మడతపడి, చీలమండ పూర్ణం బూరెలా పొంగింది.

మావయ్య నాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్ద ఆపరేటరు. ఈ హిందీ ఊళ్లో, మిల్లులో ఉన్న తెలుగువాళ్లందరికీ ఆయన మావయ్యే. ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడు, అయినా పరిగెత్తే ఐదుగురిలో తనూ ఒకడు. ఏటా వేసవిలో విభాగాల మధ్య జరిగే ఈ పందెంలో ఐదుగురూ గడువులోగా గీత దాటితేనే ఆ విభాగం పేరు బోర్డు మీదకి ఎక్కుతుంది. మా పేరు ఒక్కసారీ ఎక్కలేదు. ప్రతి ఏడూ ఎవడో ఒకడు నడిదారిలో చెరుకురసం బండి దగ్గర ఆగిపోయేవాడు. వెళ్లిపోయేలోగా ఒక్కసారి ఆ పేరు చూడాలని మావయ్య కోరిక. పేర్లిచ్చాక మనిషిని మార్చడానికి వీల్లేదు.

అమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేస్తూ రెండు రోజులూ తిడుతూనే ఉంది.

"ఆ కాలేసుకుని కద్మా నుంచి గోల్‌మురి దాకా ఎలా ఎల్తావు? నీకేటైనా బుర్ర సెడిందేట్రా?"

బుర్ర ఉంటే పేరెందుకిస్తాను? వాచిన కాలు కాన్వాసు బూటులో పట్టలేదు. అప్పుడే నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. డ్యూటీ బూట్లు! ముందువైపు ఇనప రేకున్న పాత తోలు బూట్లు, వాడి వాడి వదులయ్యాయి. చీలమండ పైదాకా లేసులు బిగిస్తే కాలు ఇటూ అటూ కదలదు. అవెంత బరువో రోజూ మోసేవాడికి ఆ సమయంలో గుర్తు రాలేదు.

పందెం పొద్దున ఐదున్నరకన్నారు. జెండా ఊపాల్సిన పెద్దమనిషి వచ్చేసరికి ఏడయింది. మే నెల ఎండ ఆయన కోసం ఆగుతుందా? గడువు మాత్రం ఎనిమిదింబావుకి మార్చారు.

పందెం మొదలయ్యే కద్మాలో ఇసకేస్తే రాలనంత జనం. మొదట్లో అది పరుగు కాదు, తోపులాట. ఎవరి చెమట ఎవరికి అంటుతోందో తెలియదు. నా బూట్ల చప్పుడికి ముందువాళ్లు తిరిగి చూసి దారిచ్చారు. గుర్రమేదో వస్తోందనుకున్నారేమో. నొప్పి లేదని అబద్ధం చెప్పను. అడుగు పడిన ప్రతిసారీ మోకాలి దాకా జివ్వుమనేది. అయినా నాకెంత ఆనందంగా ఉందో! రోజూ సైకిలు మీద తలొంచుకుని పోయే రోడ్డు ఆ పూట మాది. క్వార్టర్ల ముందు ఆడవాళ్లు పైపులతో నీళ్లు చిమ్ముతున్నారు. ఒకావిడ నా నెత్తిన చెంబుడు నీళ్లు పోసి, బూట్‌వాలే భయ్యా అని కేక పెట్టింది. ఇక దారి పొడుగునా నాకదే పేరు.

గోల్‌మురి చేరేసరికి చెమట కళ్లలోకి దిగి ముందున్న వీపు తప్ప ఏమీ కనిపించలేదు. సరిగ్గా అప్పుడే ఎనిమిది గంటల సైరన్ మోగింది. చుట్టూ డ్యూటీకి పోయే సైకిళ్లు. పదేళ్లుగా ఆ కూత వినగానే గేటువైపు ఉరికిన కాళ్లు నావి, పైగా డ్యూటీ బూట్లలో ఉన్నాయి. వాళ్లతోపాటు నేనూ తిరిగి తిన్నగా మిల్లు గేటులోకి పరిగెత్తాను. కాపలా అతను చెయ్యి అడ్డం పెట్టి టోకెన్ అడిగితే జేబు కూడా తడుముకున్నాను. అతను నా ఛాతీ మీది నంబరు చూసి, పందెంవాళ్లకి ఇవాళ సెలవు కదా అని హిందీలో ఎంతో మర్యాదగా అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. బయటికి రావాలంటే లోపలికొచ్చే సైకిళ్లన్నిటికీ ఎదురీదాలి. అందర్నీ తిడుతూ ఈదాను. వాళ్లూ ఊరుకోలేదు. విలువైన నిమిషాలు అక్కడే పోయాయి.

పందెం ముగిసే మైదానం చేరేసరికి కుంటడమే మిగిలింది. గీత దగ్గర తాడు చుట్టేయడానికి ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. మావాళ్లు ముగ్గురు అవతల నీడలో నిలబడి చేతులు ఊపుతున్నారు. మావయ్య మాత్రం గీతకి రెండడుగులు ఇవతలే, మండే ఎండలో నిలబడి ఉన్నాడు. పావుగంట ముందే వచ్చి అక్కడ ఆగిపోయాడట. దాటమని ఎంతమంది చెప్పినా వినలేదట. ఎందుకాగావని రొప్పుతూ అడిగాను.

"రిలీవర్ రాకుండా డూటీ ఇడిసి ఎలిపోతానేటి?" అన్నాడు.

మిల్లులో పద్ధతి అది. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి మిషను అందుకుంటేగానీ ముందు మనిషి కదలకూడదు. ఆయన మిషను మీద తర్వాతి షిఫ్టు నాది. నేను ఆలస్యంగా వెళ్లి ఆయన్ని నిలబెట్టిన రోజులు చాలానే ఉన్నాయి. ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. నా చెయ్యి తీసి భుజం మీద వేసుకున్నాడు. ఇద్దరం కలిసే గీత దాటాం. మా వెనకే తాడు చుట్టేశారు.

బోర్డు మీద సుద్దముక్కతో మా విభాగం పేరు రాశారు, అన్నిటికంటే కింద. మావయ్య బోర్డుని కిందనుంచి పైకి చదివాడు. ఐదుగురం గెంతాం, నేను ఒంటికాలి మీద.

నెలాఖరున ఆయన చివరి షిఫ్టుకి ఇంకా కుంటుతూనే అరగంట ముందు వెళ్లాను, నా ఉద్యోగంలో మొదటిసారి. నేనొచ్చేశాను, ఇక వెళ్లు మావయ్యా అన్నాను. ఆయన నవ్వి, పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు గానీ, సైరన్ మోగేదాకా మిషను వదల్లేదు.