పాటల కింద పోయిన గొంతు

మా ఆయన ఫంక్షన్లకు వీడియో తీసేవారు. పెళ్లి కావచ్చు, పుట్టినరోజు కావచ్చు, ఆఫీసులో ఎవరైనా పెద్దాయన రిటైరవుతుంటే అది కావచ్చు, పిలిస్తే చాలు, సంచీ భుజాన వేసుకుని బయల్దేరేవారు. చుట్టుపక్కల వీధుల్లో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు, కెమెరాయన అంటేనే తెలుస్తుంది. కూరగాయల కొట్టతను నన్ను ఇప్పటికీ కెమెరాయన గారి భార్య అనే అంటాడు. ఆయన పోయాక కూడా ఆ మాట మార్చలేదు. మార్చమని నేనూ చెప్పలేదు.

పెళ్లికి ముందు ఆయన ఇంకొకరి దగ్గర లైటు పట్టుకునే పని చేశారట. బరువైన లైటు ఎత్తి పట్టుకుని పట్టుకుని కుడి భుజం కాస్త కిందికి జారిపోయింది. చొక్కా ఉతికి ఆరేస్తే దండెం మీద కూడా ఆ చొక్కా అటువైపే ఒరిగినట్టు కనిపించేది నాకు. ఎక్కడికి వెళ్లినా చివరి పంక్తిలో తినేవారు. అప్పటికి కూరలు చల్లారిపోయి గిన్నెల అడుగులే మిగిలేవి. అందుకే ఎంత పొద్దుపోయి వచ్చినా ఇంట్లో వేడిగా కాస్త పెట్టేదాన్ని. తిని, చాప మీద నడుం వాల్చి, "ఊఁ" అనేవారు. ఆ రోజుకి అదే మాట.

ఆయన పోయిన కొన్నాళ్లకు వంటింట్లో గిన్నెలు తోముకుంటూ, ఆయన నన్ను "ఏమోయ్" అని ఎలా పిలిచేవారో అనుకోబోయాను. మాట గుర్తుంది, గొంతు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాను. మా తమ్ముడి గొంతులో వినిపించింది, టీవీలో వార్తలు చదివే ఆయన గొంతులో వినిపించింది కానీ మా ఆయన గొంతులో మాత్రం వినిపించలేదు. సబ్బు చేత్తోనే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. మనిషి ఒకసారి పోయాడనుకుంటే ఇలా కొంచెం కొంచెంగా కూడా పోతాడన్నమాట.

ఇంట్లో ఉన్న డిస్కులన్నీ వేసి చూశాను. ఆయన పద్ధతి ఏమిటంటే, తీసిన వీడియోలోంచి మాటలన్నీ తీసేయించి మొదటి నుంచి చివరి దాకా పాటలు వేయించేవారు. జనం గోల, పిల్లల ఏడుపులు, ప్లేట్ల చప్పుడు డబ్బిచ్చి ఎవరు వింటారు అనేవారు. దాంతో ఆయన గొంతు కూడా పాటల కింద పడి పోయింది. ఫోను చూస్తే అది మీటల ఫోను, మాట్లాడటానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

ఇక మిగిలింది కెమెరా ఒక్కటే. చివరగా తీసిన రిటైర్మెంటు ఫంక్షను దాంట్లోనే ఉంది, ఇంకా పాటలు వేయలేదు. ఆ రోజు తిరిగి వస్తూ మా ఇంటి మెట్ల మీదే కూలబడ్డారు, ఇక లేవలేదు. కెమెరా మెట్టుకి కొట్టుకుంది. పక్కకు తెరుచుకునే చిన్న తెర నల్లబడిపోయింది, టీవీ వైరు దూర్చే కన్నం లోపలికి కుంగిపోయింది. వీడియో బయటికి రావాలంటే కంప్యూటరు ఒక్కటే దారి. కార్డు తీసి ఇంకోదాంట్లో పెడదామన్నా దానికి కార్డు లేదు, అంతా కడుపులోనే దాచుకుంటుంది.

కంప్యూటరేమో దాన్ని గుర్తుపట్టనంటుంది.

మా ఆడపడుచు బుజ్జి పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసే పని చేస్తుంది. అక్కడ పాతది తీసేస్తుంటే ఇంటికి తెచ్చుకున్న కంప్యూటరు అది. ప్రతి ఆదివారం కెమెరా ఛార్జింగు పెట్టడం, నిండాక ఛార్జరు తీసి కంప్యూటరు వైరు గుచ్చడం, ఇద్దరం తెర వంక చూస్తూ కూర్చోవడం. ఏమీ రాదు. పక్క కన్నంలో పెట్టి చూసింది, వెనక కన్నంలో పెట్టి చూసింది. కంప్యూటరు ఆపి మళ్లీ వేసింది. కొత్త వైరు కొన్నది. కెమెరాతో పాటు వచ్చిన డిస్కు వెతికి ఎక్కించింది. డాక్టరు గారి కంప్యూటరుకు కూడా తగిలించి చూసింది. కెమెరాకేమో చిన్న ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది, బతికే ఉన్నానని చెప్పినట్టు.

"దీనికి మా అన్నయ్య బుద్ధే వచ్చింది వదినా," అంది ఒకరోజు. "అన్నీ లోపల పెట్టుకుంటుంది, అడిగితే పలకదు."

నవ్వొచ్చింది.

చివరికి మిక్సింగ్ ఆయన్ని రమ్మన్నాం. మా ఆయన వీడియోలన్నిటికీ కత్తిరింపులు చేసి పాటలు వేసేది ఈయనే. పొట్ట ముందు నడిచి వస్తే ఆయన వెనకాల వచ్చే మనిషి. కుర్చీలో కూర్చుని, బుజ్జి చేసినవన్నీ వరసగా మళ్లీ చేశాడు. చేసిన ప్రతిదానికీ "అదీ చేశాం" అని బుజ్జి అంటూనే ఉంది. కాసేపటికి ఆయన కళ్లజోడు తీసి, లోపలి చిప్పు విప్పించాలి చెల్లెమ్మా, విప్పితే రావచ్చు, మొత్తానికే పోవచ్చు, నేనైతే భరోసా ఇవ్వలేను అన్నాడు. విప్పించకపోతే గొంతు దాంట్లోనే ఉంటుంది, వినపడదు. విప్పిస్తే ఉందో లేదో కూడా తెలియకుండా పోవచ్చు. ఏది కావాలో నన్నే చెప్పమంటున్నారు.

అంతలో కెమెరా దీపం ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయింది. మిక్సింగ్ ఆయన విసుగ్గా ఛార్జరు అందుకున్నాడు. మంచం మీద పడుకుని ఉన్న మా అత్తయ్య ఒక్కసారిగా లేచి కూర్చుంది.

"ముందు ఆ వైరు పీకు నాయనా. రెండూ ఒకేసారి పెట్టావంటే వాడు ఊరుకోడు."

ఆయనకి అర్థం కాలేదు. నేను చెప్పాను. మా ఆయన మొదటి కెమెరా కాలిపోయింది. ఛార్జరు తగిలించి ఉండగానే టీవీ వైరు కూడా గుచ్చారు, కరెంటు ఎక్కువ తక్కువయింది, సన్నగా పొగ వచ్చింది. దాన్ని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని పొద్దుపోయేదాకా కూర్చున్నారు. లేచాక ఇంట్లో అందరికీ చెప్పారు, ఒక వైరు తీశాకే ఇంకో వైరు అని. ఆయన గట్టిగా చెప్పిన మాట నాకు తెలిసి అదొక్కటే. ఇస్త్రీ పెట్టె పెడితే మిక్సీ తీసేస్తాం. అత్తయ్య అయితే ఫ్యాను తిరుగుతుంటే టార్చిలైటు కూడా వేయదు. ఆయన పోయాక ఆ మాట ఇంకా గట్టిగా పట్టుకున్నాం. పట్టుకోవడానికి వేరే ఏముంది మాకు.

మిక్సింగ్ ఆయన ఛార్జరు చేత్తో పట్టుకుని నా వంక, అత్తయ్య వంక చూశాడు.

"మా గదికొస్తే రెండూ పెట్టేవాడే కదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఈ కెమెరా కొన్నాక ఎప్పుడూ అంతే. వస్తూనే గోడకొకటి, కంప్యూటరుకొకటి గుచ్చి టీ తాగడానికి పోయేవాడు. అది తనే చేసుకునేవాడు, నేనెప్పుడూ పట్టించుకోలేదు. గోడ కరెంటు లేకపోతే ఇది కంప్యూటరుతో మాట్లాడదేమో."

"మాకు వద్దని చెప్పి వాడు పెట్టేవాడా?" అంది అత్తయ్య. కొడుకు మీద కోపం తెచ్చుకోవడానికి ఆవిడకి చాలా రోజులకి ఒక కారణం దొరికింది.

మిక్సింగ్ ఆయన మాత్రం ఛార్జరు గుచ్చలేదు. పొగ వస్తే ఆ పాపం నాకెందుకు అనుకున్నాడో ఏమో, దాన్ని నా వైపు జరిపాడు. బుజ్జి కూడా తల వంచుకుంది. కంప్యూటరు వైరు ఉండనిచ్చి, ఛార్జరు నేనే పెట్టాను. అత్తయ్య మొహం గోడ వైపు తిప్పుకుంది.

పొగ రాలేదు. కంప్యూటరు టిక్కుమని చిన్న చప్పుడు చేసింది. తెర మీద కెమెరా బొమ్మ వచ్చింది, దాని కింద వీడియోలు ఒకదాని పక్కన ఒకటి పరుచుకున్నాయి.

మొదటిది పెట్టారు. పెద్ద హాలు, బల్లలు, పూలదండ మెళ్లో పడ్డ రిటైరయ్యే పెద్దాయన. తెర వెనక నుంచి ఒక గొంతు హుషారుగా వినిపించింది. "సార్, రిటైరవుతున్నది మీరు, మీ నవ్వు కాదండీ. అది ఇంకా డ్యూటీలోనే ఉంది, కొంచెం మాకివ్వండి." హాల్లో అందరూ నవ్వారు. "అమ్మా, మీరు ఆయన పక్కకి రండి. ఇన్నేళ్లూ ఆఫీసుకి వదిలేశారు, ఇక మీకే అప్పగిస్తున్నారు, చూసి తీసుకోండి." మళ్లీ నవ్వులు.

గొంతు ఆయనదే. అయినా నాకు ఎవరో పరాయి మనిషి మాటలు వింటున్నట్టుంది. ఇన్ని మాటలు ఆయన దగ్గర ఉన్నాయని నాకు తెలియదు. అన్నీ అక్కడ పంచేసి ఇంటికి వచ్చేవారు కాబోలు. కోపం వచ్చిందని చెప్పను. అలసట వచ్చింది, అంతే. ఇంత కష్టపడి వెతికింది ఎవరి కోసమా అనిపించింది. బుజ్జి ఏడుస్తోంది. అత్తయ్య మొహం ఇటు తిప్పలేదు గానీ వింటోంది.

వరసగా అన్నీ పెడుతూ పోయాడు మిక్సింగ్ ఆయన. చివరి దాంట్లో మనుషులు లేరు. మా ఆయన కెమెరా ఆపడం మరిచిపోయినట్టున్నారు. నేల కనిపిస్తోంది, ఊగుతూ. ఆయన చెప్పులు, తర్వాత ఎవరూ లేని వరండా, ఒక కుర్చీ కాలు. కుర్చీలో కూర్చున్న చప్పుడు. చాలాసేపు ఊపిరి తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత, "ఊఁ."

ఆ "ఊఁ" నాది. పొద్దుపోయి వచ్చి, తిని, చాప మీద వాలాక వచ్చేది అదే.

మిక్సింగ్ ఆయన దాన్ని ఆపి, ఇది పొరపాటున పడింది చెల్లెమ్మా, ఇలాంటివి మామూలుగా తీసి పారేస్తాం, మిగతావాటికి పాటలు వేసి ఆ పెద్దాయన వాళ్లకి ఇచ్చేస్తాను అన్నాడు.

"వాళ్లవి వాళ్లకి ఇచ్చేయండి అన్నయ్యగారూ," అన్నాను. "ఇది పారేయకండి. దీనికి పాట వేయకండి."

ఆయన సరేనని ఒక డిస్కు మీదకి ఎక్కించి ఇచ్చాడు. టీ పెట్టి ఇచ్చాను. తాగి వెళ్లాడు. ఆ డిస్కు నేను రెండోసారి పెట్టుకోలేదు. ఉందని తెలిశాక తొందర లేదు. ఒంట్లో ఓపిక ఉన్న రోజు చూసుకుని పెడతాను.