కెటిల్ టర్న్‌బుల్ ఊదని ఈల

లిన్‌బర్న్ లోయలో కాలాన్ని మూడు ఘట్టాలతో కొలుస్తారు. వాగు పొంగి మిల్లును ఎత్తుకుపోయిన ఏడు ఒకటి. రైలు రావడం మానేసిన ఏడు మరొకటి. వాట్ టర్న్‌బుల్ కుక్క కోసం మొట్టమొదట ఈల నోట పెట్టుకున్న ఏడు మూడోది. మొదటి రెండు విపత్తులూ ఒక్కసారి జరిగి ఊరుకున్నాయి. మూడోది ముప్పై ఒక్క ఏళ్ళు ఏకధాటిగా కొనసాగింది.

ఆ ఈల గేదె కొమ్ముతో చేసింది. దాని మీద పళ్ళ గాట్లు పొరలు పొరలుగా ఉండేవి. పురావస్తు శాఖవారి చేతిలో పెడితే వాట్ సొంత పళ్ళ యుగం, కట్టుడు పళ్ళ యుగం విడివిడిగా గుర్తుపట్టి చెప్పగలిగేవారు. అతను ఊదితే పక్క లోయలో గొర్రెలు కాసే కుక్కలు సైతం పని మానేసి కూర్చునేవి. అందుకే ఊరు అతనికి 'కెటిల్' అని బిరుదిచ్చింది. పొయ్యి మీద నీళ్ళు మరిగి కూతపెట్టే కెటిల్ అయినా దించితే ఊరుకుంటుందని ఇసోబెల్, అంటే అతని భార్య, అంటూండేది.

వేటలో పడ్డ పిట్టల్ని తెచ్చే రిట్రీవర్ కుక్కల పని చూడ్డానికి సులువు. తుపాకీ పేలుతుంది, పిట్ట ఎక్కడో పడుతుంది. కుక్క యజమాని పక్కన రాయిలా కూర్చోవాలి. పొమ్మన్నాకే పోవాలి. వెతికి, పన్ను నాటకుండా నోట కరిచి తెచ్చి, చేతిలో పెట్టాలి. దారి తప్పుతోందనిపిస్తే యజమాని ఒక పొడుగు ఈల వేస్తాడు. కుక్క ఆగి, కూర్చుని, వెనక్కి చూస్తుంది. అప్పుడతను కుడికో ఎడమకో చెయ్యి చాపుతాడు. అంతే. అయితే ఊదడానికి హక్కున్నంత మాత్రాన ఊదినవాడు గొప్పవాడు కాడు. కుక్కను నమ్మి నోరు మూసుకుని నిలబడ్డవాడికే పోటీల్లో తీర్పరుల పుస్తకంలో మంచిమాట పడుతుంది. వాట్‌కి కుక్క మీద నమ్మకం లేక కాదు. తన మీద అంతకంటే ఎక్కువ నమ్మకం. ఆరు కుక్కల్ని తీర్చిదిద్దాడు. అక్టోబరు పోటీ కప్పు ఒక్కసారీ ఇంటికి రాలేదు.

చిత్రమేమిటంటే వృత్తిలో అంత ఓర్పున్న మనిషి ఇంకొకడు లేడు. సున్నం లేకుండా, మట్టి లేకుండా, రాయి మీద రాయి పేర్చి కొండల మీద గోడలు కట్టేవాడు. ఒకసారి చేతిలోకి తీసుకున్న రాయిని కింద పెట్టకూడదు, దాని చోటు వెతికి అక్కడే పెట్టాలి. గోడ దగ్గర ఆ చేతులకు తొందర తెలియదు. కుక్క వాసన పట్టుకుని ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేస్తుంటే మాత్రం ప్రాణం నిలిచేది కాదు.

ఏడో కుక్క రూక్. నల్లని ఆడ లాబ్రడార్. దాని తొమ్మిదో ఏట, ఒక వేసవిలో, వాట్‌కి లోకం మెల్లమెల్లగా అంచులు విడిచింది. ముందు దూరపు కొండలు ఆకాశంలోకి జారుకున్నాయి. తర్వాత గొర్రెలు మబ్బుల్లో కలిశాయి. సాయంత్రాలు గుడ్డ సంచుల్ని గడ్డిలోకి విసిరి రూక్‌ని పంపితే, ఇరవై అడుగుల దాకా అది కుక్క, నలభై అడుగుల దగ్గర నల్లటి మరక, ఆపైన వట్టి గాలి. ఒకరోజు పొడుగు ఈల వేసి, కూర్చుని చూస్తున్న రూక్‌కి ఎడమకి వెళ్ళమని చెయ్యి చాపాడు. అది కదల్లేదు. మళ్ళీ చాపాడు. ఐదు నిమిషాలు గడిచాక తొడకి తడి ముక్కు తగిలింది. రూక్ పక్కనే నిలబడి, తన యజమాని అంతసేపు ఆజ్ఞాపిస్తున్న నల్లరాయిని తనూ శ్రద్ధగా చూస్తోంది.

ఆనాటి నుంచి ఊదడం మానేశాడు. కనిపించని దాన్ని ఏమని ఆపుతాడు? ఈల పళ్ళ మధ్య ఊరికే ఉండేది, ఆరిపోయిన చుట్టలాగ. రూక్‌ని పొమ్మని, కళ్ళు మూసినా తెరిచినా ఒకటే అయిన ఆ పాలవెలుగులో నిలబడేవాడు. తడిగడ్డిని చీల్చుకుంటూ పోయే చప్పుడు, ఎక్కడో నీటి సవ్వడి, ఒక పిట్ట కూత, ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండేది కాదు. ఆ ఏమీ లేకపోవడంలోంచి మెల్లగా ఒగర్పు దగ్గరయ్యేది. అరచేతిలో తడి గుడ్డ సంచి వాలేది. ఎనిమిదేళ్ళుగా పదడుగులకోసారి ఆగి వెనక్కి చూసిన రూక్, మొట్టమొదటిసారి మొదలుపెట్టిన పని తానే ముగించడం నేర్చుకుంటోంది. ఆ సంగతి వాట్ గమనించలేదు. గమనించడానికి కనపడాలి కదా.

"ఆ చిలక్కొయ్యకున్నది మీ తమ్ముడు కాదు, నా వానకోటు," అంది ఇసోబెల్ ఒక ఉదయం ఓట్స్ జావ వడ్డిస్తూ. "మూడు రోజులుగా దానికి గుడ్ మార్నింగ్ చెప్తున్నావు."

"మర్యాద కోసం చెప్పాను."

"అదింకా జవాబివ్వలేదు. డాక్టరు దగ్గరికి పద. కళ్ళలో పొర వచ్చింది. మా నాన్నకీ ఇంతే."

"వెళ్తే కోస్తానంటాడు. కోశాక వంగొద్దు, గాలికి తిరగొద్దు అంటాడు. అక్టోబరు పోటీ కాస్తా పోతుంది."

"పోతే వచ్చే ఏడు లేదా?"

"నాకుంది. రూక్‌కి లేదు. ఈ చలికాలం దాటితే దాని నడుము పనికిరాదు."

ఇసోబెల్ జావగిన్నె అతని చెయ్యి వెతుకుతున్న చోటికి జరిపింది. "సరే, వ్యాను నేను నడుపుతాను. కోట్లతో మాత్రం మాట్లాడకు, జనం చూస్తారు."

పోటీనాడు లోయంతా పొగమంచు. ఆ ఒక్క ఉదయం అందరి చూపూ వాట్ చూపుతో సమానమైంది. పన్నెండు కుక్కలు వచ్చాయి. ఆర్చీ లెయిడ్‌లా తన కుక్క డ్రేక్‌తో వచ్చాడు. నాలుగుసార్లు కప్పు పట్టుకుపోయినవాడు.

"ఏరా కెటిలూ! నీళ్ళు నింపుకొచ్చావా? ఇవాళ ఎన్నిసార్లు మరుగుతావేంటి?"

"నువ్వా ఆర్చీ. ఒళ్ళు చేశావే," అన్నాడు వాట్, గొంతు వినబడ్డ వైపు తిరిగి. ఆర్చీ పొట్ట లోపలికి లాక్కున్నాడు.

ముందు పిట్టలు తేలిగ్గా వచ్చాయి. రూక్ పోయింది, తెచ్చింది. ఈల మోగలేదు. "పాపం, చిగుళ్ళ నొప్పి అయ్యుంటుంది," అనుకున్నారు చూడవచ్చినవాళ్ళు. మధ్యాహ్నానికి మంచు విడిచింది. పోటీలో ఇద్దరే మిగిలారు, ఆర్చీ, వాట్.

ఆఖరి కౌజుపిట్ట రెక్క దెబ్బతిని గోడకవతల ఎండు ఫెర్న్ పొదల్లో పడింది. అందరూ చూశారు, ఒక్కరు తప్ప. ఆర్చీకి ముందు వంతు. మూడంటే మూడు ఈలలతో డ్రేక్‌ని గోడ దూకించి, సరిగ్గా పడిన చోటే నిలబెట్టాడు. పిట్ట లేదు. డ్రేక్ పొదలన్నీ గాలించి ఉత్త నోటితో తిరిగొచ్చింది.

తీర్పరి హెరియట్ దొరసాని వాట్ వైపు తిరిగింది. "మిస్టర్ టర్న్‌బుల్, పిట్ట ఎక్కడ పడిందో చూశారు కదా?"

"చూడకేమండీ," అన్నాడు వాట్, పాలలో పడుకున్న ఆవులా కనిపిస్తున్న కొండ వైపు తలాడిస్తూ. గోడ మాత్రం అతనికి తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట తను కట్టిందే. ఎక్కడ ఎత్తో, ఎక్కడ పల్లమో చేతులకి జ్ఞాపకం. "పో!" అన్నాడు.

రూక్ సూటిగా గోడ దాకా పోయింది. దూకలేదు. తల దించి, ఎడమకి తిరిగి, గోడ ఇవతలివైపే వాగు దిశగా వెళ్ళిపోసాగింది. గోడని చూసి వెనుదీసిన కుక్కకి ఇక పోటీలో చోటుండదు.

"ఊదరా, ఊదు," అని ఆర్చీ తనలో తను గొణిగాడు, శత్రువైనా ఉండబట్టలేక. ఇసోబెల్ రెండు చేతులూ జేబుల్లో బిగించి పెట్టుకుంది. చిన్నగా దగ్గితే చాలు, భర్తకి తెలిసిపోతుంది. దగ్గలేదు.

వాట్ లోకంలో రూక్ ఎప్పుడో గోడ దూకేసింది. అతను దాన్ని అంత స్పష్టంగా ఎన్నడూ చూడలేదు. ఇటుకరంగు ఫెర్న్ ఆకుల్లో దాని వీపు మునుగుతోంది, తేలుతోంది. తోక వేగం తగ్గింది. వాసన తగిలింది. ఇదిగో, మెడ వంచింది. ఆ పొదల్లో గాలి లేదు, తొందర లేదు, గడియారం లేదు. ఆరు పాత కుక్కలూ అక్కడే ఎక్కడో గడ్డిలో కూర్చుని, ఊదితే ఊదుతాడేమోనని ఇటే చూస్తున్నాయి. వాట్‌కి ఊదాలని అనిపించలేదు. ఆ కొండంత మెత్తని తెలుపులో తనూ ఒక మరకై, హాయిగా నిలబడ్డాడు.

అలా ఎంతసేపు గడిచిందో. వెనకనుంచి చేతిలోకి వెచ్చగా ఏదో వచ్చింది. కౌజుపిట్ట. ముందుకి చూస్తున్నవాడు తల తిప్పకుండానే దాన్ని అందుకున్నాడు, ఆ వైపు నుంచే రావాలని ముందే తెలిసినట్టు.

హెరియట్ దొరసాని పెన్సిలు దించింది. "నేను తీర్పులివ్వబట్టి ముప్పై ఏళ్ళు. గోడ దగ్గర కుక్క అలా తిరిగితే ఎవరైనా ఊదుతారు. నేనైనా ఊదేదాన్నే. మీరు కన్ను కూడా కదపలేదు. ఏం చూసుకుని అంత ధైర్యం?"

"నాకేమీ కనపళ్ళేదండీ."

ఆమె పకపకా నవ్వి, ఇంత వినయం తానెక్కడా చూడలేదని పక్కనున్న రెండో తీర్పరితో చెప్పింది. పోటీలు నడిపే సంఘం వార్షిక నివేదికలో ఆ పరుగుకి పదకొండు వాక్యాలు దక్కాయి. 'అసామాన్య సంయమనం' అన్నమాట అందులో రెండుసార్లు వచ్చింది.

వ్యానులో కప్పు వాట్ ఒళ్ళో, రూక్ తల కప్పు మీద.

"ఆ పిట్ట ఎలా వచ్చిందో తెలుసా?" అంది ఇసోబెల్. "కుందేళ్ళు తిరగడానికి గోడ అడుగున కన్నం వదిలావే, అందులోంచి దూరి ఇవతలికొచ్చి వాగు వెంబడి పరిగెత్తింది. రూక్ ఒక్కతే కనిపెట్టింది."

వాట్ చాలాసేపు ఆ కన్నం గురించి ఆలోచించాడు. తర్వాత అన్నాడు, "సోమవారం డాక్టరుకి ఫోన్ చెయ్యి."

నవంబరులో కుడికన్ను, డిసెంబరులో ఎడమకన్ను బాగుచేశారు. లోకానికి అంచులు తిరిగొచ్చాయి. కొండలు ఆకాశంలోంచి దిగి యథాస్థానంలో నిలబడ్డాయి.

"జుట్టు ఎప్పుడు తెల్లబడింది నీకు?" అని ఇసోబెల్‌ని అడిగాడు.

"నాలుగేళ్ళయింది. థాంక్స్."

జనవరి చివర సీజను ఆఖరి పోటీ పెట్టారు. రూక్‌కీ అదే ఆఖరు. నోరు మెదపని ఆ మహానుభావుణ్ణి చూడ్డానికి రెండు లోయల వాళ్ళు దిగారు. కొందరు కుక్కల్ని ఇంట్లో వదిలి, నోటుపుస్తకాలు తెచ్చుకున్నారు. ఎండ కాసింది. వాట్‌కి ప్రతి గడ్డిపరకా కనిపించింది. గడ్డిపరక మీది మంచుబొట్టు కనిపించింది. వంద గజాల అవతల రూక్ చెవి కొస కనిపించింది. అది పిట్ట పడిన చోటికి జానెడు ఎడమగా పోవడం కూడా చాలా స్పష్టంగా కనిపించింది.

ఆ మొదటి పిట్టకి పందొమ్మిది ఈలలని ఇసోబెల్ లెక్క. అక్కడ టీ పొయ్యకముందే ఓడి ఇంటికొచ్చేశారు.